నిర్జనసీమయు కరుణరసమును: టోల్కీన్ కావ్యమునందలి హాలిన్ దేశము

కావ్యమునందలి దేశవర్ణనము రసమునకు ఉద్దీపనవిభావమగుననుట లాక్షణికుల సంప్రదాయము. చంద్రోదయము, ఉద్యానము, నదీతీరము, వర్షాగమము మున్నగునవి ఒక వ్యక్తి నాలంబనముగా గొని పుట్టిన భావమును పెంపొందించునవే కాని, తామే భావమునకు మూలములు కావని వారి మతము. జనశూన్యమైన దేశము విషయమున ఈ సిద్ధాంతమునకు ఒక చిక్కు కలుగుచున్నది. వ్యక్తియే లేనిచోట ఉద్దీపింపదగిన భావమెవ్వరిది? అట్టి దేశము కథకు వట్టి దారిగా మాత్రమే నిలుచునా, లేక తానే రసమునకు ఆలంబనము కాగలదా? ఈ ప్రశ్నను పరీక్షించుటకు ఆంగ్లసాహిత్యమునందలి యొక కల్పితదేశము మిక్కిలి అనువైనది. అది జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను గద్యకావ్యమునందలి హాలిన్ సీమ. ఎరెగియన్ అనునది దాని ప్రాచీననామము.

టోల్కీన్ (1892-1973) ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1925 మొదలు 1945 వరకు ప్రాచీనాంగ్లమునకును, పిమ్మట 1959 వరకు ఆంగ్లభాషాసాహిత్యములకును ఆచార్యుడుగా నుండెను. ఈ కావ్యము 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడినది. ఆయన మరణానంతరము కుమారుడగు క్రిస్టఫర్ టోల్కీన్ వ్రాతప్రతులను పరిష్కరించి ‘ది సిల్మరిలియన్’ను 1977లోను, ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’ను 1980లోను, తరువాత 1983 మొదలు 1996 వరకు మధ్యభూమి చరిత్రమును పండ్రెండు సంపుటములుగను ప్రకటించెను. తాను ముందుగా దేశపటమును వ్రాసికొని కథను దానికి అనుగుణముగా నడపితినని గ్రంథకర్త 1954లో నవోమీ మిచిసన్ అను రచయిత్రికి వ్రాసిన లేఖలో తెలిపియున్నాడు. కావున ఈ కావ్యమున భూగోళము కథకు అలంకారము కాదు, ఆధారము. హాలిన్ వంటి పాడుసీమను విమర్శించునపుడు ఈ విషయము మఱవరాదు.

ఇక హాలిన్ సీమ స్వరూపము. మధ్యభూమికి వాయవ్యభాగమున ఉత్తరదక్షిణములుగా పొగమంచు పర్వతములను శ్రేణి కలదు. ఆ పర్వతములకు పడమట, బ్రూయినెన్ నదికిని గ్లాండుయిన్ నదికిని నడుమనున్న మెట్టభూమియే ఎరెగియన్. తూర్పున కరధ్రాస్, కెలెబ్డిల్, ఫనుయిధోల్ అను మూడు శిఖరములు దానికి గోడవలె నిలిచియుండును. ఆ శిఖరముల క్రిందనే మరుగుజ్జుజాతివారు తొలిచిన మోరియా అను పాతాళనగరము. దాని పడమటి ద్వారమునుండి సిరన్నాన్ అను సెలయేరు హాలిన్‌లోనికి ప్రవహించెడిది. గ్లాండుయిన్ నదికిని స్వాన్‌ఫ్లీట్ అను పేరునకును గల సంబంధమున ముద్రితప్రతులకును పటములకును భేదములు కలవు. క్రిస్టఫర్ 1980 నాటి గ్రంథమున వానిని చర్చించెను. దేశనామము వృక్షమునుబట్టి వచ్చినది. కవి కల్పించిన సిందారిన్ భాషలో ‘ఎరెగ్’ అనగా హాలీ చెట్టు. అంచులందు ముండ్లు గల నిగనిగలాడు ఆకులును, ఎర్రని పండ్లును కలిగి, శీతకాలమునను ఆకురాల్పని చెట్టిది. ‘హాలిన్’ అనునది ఆ పేరునకు జనభాషలోని రూపము.

చరిత్రమును కవి అనుబంధమునందలి కాలానుక్రమణికలో సంగ్రహముగను, మరణానంతరప్రచురణములలో విస్తారముగను చెప్పినాడు. ద్వితీయయుగమున సుమారు 750వ సంవత్సరమున నోల్డోర్ శాఖకు చెందిన ఎల్ఫులు, అనగా సహజమరణము లేని దివ్యజాతివారు, ఇచ్చట రాజ్యము స్థాపించిరి. ఓస్ట్-ఇన్-ఎధిల్ వారి ముఖ్యనగరము. రత్నశిల్పులసంఘము వారికి తలమానికము. దాని నాయకుడు కెలెబ్రింబోర్. మోరియాలోని మరుగుజ్జులతో వీరికి కలిగిన మైత్రి ఆ రెండుజాతుల చరిత్రమున అపూర్వము. సుమారు 1200వ సంవత్సరమున సౌరాన్ అను దుష్టుడు సుందరరూపము ధరించి, ‘దానప్రభువు’ అను అర్థముగల అన్నటార్ నామముతో వచ్చి, వారికి విద్యలు నేర్పెను. సుమారు 1500లో ఉంగరముల నిర్మాణము ఆరంభమైనది. సుమారు 1590లో కెలెబ్రింబోర్ సౌరాన్ చేయి సోకకుండ మూడు ఉంగరములను తానే చేసి ముగించెను. సుమారు 1600లో సౌరాన్ తక్కినవాని నన్నిటిని లోబరచుకొనదగిన ఏకైకాంగుళీయకమును రహస్యముగా చేసికొనగా, ఆ వంచన బయటపడినది. 1693లో యుద్ధము, 1697లో దేశవినాశము, కెలెబ్రింబోర్ వధ. మోరియా ద్వారములు మూతపడినవి. ఎల్రాండ్ అను వీరుడు మిగిలినవారితో ఉత్తరమునకు పోయి రివెండెల్ నివాసమును స్థాపించెను.

ద్వితీయయుగము 3441 సంవత్సరములకు ముగిసినది. ప్రధానకథ జరిగినది తృతీయయుగము 3018, 3019 సంవత్సరములలో. లెక్క చూడగా హాలిన్ జనులతో నిండియున్న కాలము రమారమి 950 సంవత్సరములు. పాడుపడి యున్న కాలము రమారమి 4760 సంవత్సరములు. నివాసకాలమునకు అయిదింతలు నిర్జనకాలము. ఇంతకాలము గడచిన పిమ్మట ఒక దేశము తనలో నివసించినవారిని జ్ఞప్తియందుంచుకొనునా యనునదే ఈ ఘట్టమున కవి యెత్తుకొనిన ప్రశ్న.

ఘట్టమును కూర్చిన క్రమము గమనింపదగినది. రెండవ కాండమున రెండవ అధ్యాయము ఎల్రాండ్ సభ. అందు ఎరెగియన్ శిల్పుల జ్ఞానతృష్ణయు, సౌరాన్ వారిని వలలో వేసికొన్న తీరును, దేశనాశమును, మోరియాద్వారము మూయబడుటయు ఎల్రాండు నోట వినబడును. మూడవ అధ్యాయమున తొమ్మండుగురు సహచరులు డిసెంబరు 25వ తేదిని రివెండెల్ వదలి, రెండువారములు నడచి, జనవరి 8న హాలిన్ చేరుదురు. ఆకాశమార్గమున నలువదియైదు లీగుల దూరము వచ్చితిమని గాండాల్ఫ్ అను మంత్రవేత్త చెప్పును. చరిత్రము మున్ను సభలో చెప్పబడుటచే, దేశము కంటబడినప్పుడు దానిని తిరిగి చెప్పవలసిన పని కవికి లేకపోయినది. ముందు కథ, పిదప భూమి. పురాణశ్రవణము ముగిసిన పిమ్మట క్షేత్రదర్శనము చేసిన యాత్రికుని స్థితి పాఠకునకు కలుగును.

దేశము చేరినపుడు ముగ్గురు మూడువిధముల మాటలాడుదురు. ఒక దేశము ఎల్ఫుల నివాసమైన పిమ్మట వారిని బొత్తిగా మఱచుటకు ఎంతో కీడు సంభవింపవలెనని గాండాల్ఫ్ చెప్పును. ఎల్ఫుజాతివాడేయైన లెగోలాస్ అందుకు సమ్మతించుచునే యొక సవరణము చేయును: ఇచ్చటివారు తన వనవాసిశాఖకు భిన్నులు, చెట్లును గడ్డియు వారిని ఎఱుగవు, రాళ్లు మాత్రము తమను త్రవ్వి చెక్కి నిలిపినవారు పోయిరని విలపించుచున్నవి. ఆరగార్న్ అను వనచరుడు వేరొక విషయము గుర్తించును: ఈ సీమకు తాను పలుమారులు వచ్చియున్నాడు, మనుష్యులు లేకున్నను పక్షులు ఎప్పుడును విస్తారముగా నుండెడివి, ఇప్పుడు మాత్రము మైళ్ల పర్యంతము చప్పుడు లేదు. అటుపిమ్మట కాకిజాతి నల్లపక్షులు గుంపులుగా వచ్చి గూఢచారులవలె ఆకాశమున తిరుగును. నిర్జనతకును నిశ్శబ్దతకును కవి చూపిన ఈ భేదము సూక్ష్మమైనది. మొదటిది పురాతనదుఃఖము, రెండవది సమీపించిన భయము. ఒకటి కరుణమునకును, రెండవది భయానకమునకును విభావములైనవి. రెండును ఒకే దృశ్యమున కలిసియు ఒకదాని నొకటి చెఱుపలేదు.

రాళ్ల విలాపమే ఈ ఘట్టమునకు ప్రాణము. చెట్లు మఱచి రాళ్లు తలచుటకు కారణమేమి? దానిని కవి చెప్పడు. కాని చరిత్రము నెఱిగినవానికి అది తెలియకపోదు. గడ్డి ఏటేట క్రొత్తది. వృక్షము నూఱేండ్లో వేయేండ్లో బ్రతికి తన విత్తనమునకు చోటిచ్చును. ఉలిదెబ్బ తిన్న రాయి మాత్రము ఆ గాటును మోయుచుండును. ఎరెగియన్ ప్రజలు శిల్పులు. వారి ప్రేమ చేసిన వస్తువులపై నుండెను. కాలము వస్తువులను క్షీణింపజేయుట సహింపలేకయే వారు ఉంగరములను చేసిరి. ఆ కోరికనే పట్టుకొని సౌరాన్ వారిని మోసగించెను. అట్టివారిని జ్ఞప్తియందుంచుకొనునది పెరుగుట యెఱుగని రాయి యొక్కటియే యగుట వారికి కీర్తియు, వారిపై తీర్పును. ఒక్క వాక్యమున స్తుతినిందలు రెండును ఇమిడినవి. ఇంతటి యర్థము వాచ్యముగా గాక రాళ్ల శోకముచే స్ఫురించుట ధ్వని యనుటకు సందేహింప పనిలేదు.

ఇచ్చట పూర్వపక్షమొకటి కలదు. కరుణమునకు ఆలంబనము గతించిన ఎల్ఫులే, భూమి ఉద్దీపనమే, కావున సంప్రదాయమునకు భంగములేదని యొకరనవచ్చును. ఈ వాదము పైకి బలమైనదివలె తోచును. కాని సహచరులు తొమ్మండుగురిలో ఎరెగియన్ ప్రజలకు బంధువు ఒక్కడును లేడు. లెగోలాస్ వేఱుశాఖవాడు. గిమ్లీ అను మరుగుజ్జునకు ఆ శిఖరములు తన పూర్వులవి యగుటచే ఉత్సాహము, దుఃఖము కలుగును గాని, అవి మోరియాకు సంబంధించినవి, హాలిన్‌కు కావు. పాఠకుడును ఎరెగియన్ వారిలో ఒక్కని ముఖము నెఱుగడు. కెలెబ్రింబోర్ అప్పటికి ఒక నామమాత్రము. ఇష్టజనవియోగమనుటకు ఇష్టజనుడే లేడు. భరతుడు కరుణమునకు చెప్పిన విభావములలో ఇష్టజనవియోగముతోపాటు విభవనాశమును చెప్పియున్నాడు. హాలిన్ ఘట్టము ఆ విభవనాశమునకు సరియైన లక్ష్యము. నశించిన విభవము కంటబడునది భూమియందే గాన, భూమియే ఆలంబనము. తరువాత మోరియా ద్వారముకడ కెలెబ్రింబోర్ పేరు రాతిపై కనబడినప్పుడు ఆలంబనము దేశమునుండి వ్యక్తికి మాఱును. ఈ మార్పు ఘట్టమునకు బలమే కాని లోపము కాదు.

అచేతనములైన రాళ్లకు శోకమారోపించుట రసాభాసమగునని మఱియొక యాక్షేపము. దీనికి సమాధానము సంస్కృతనాటకమునందే యున్నది. భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమునందు, చిత్రదర్శనసమయమున, సీతావిరహియైన రాముని విలాపమునకు జనస్థానమునందలి రాళ్లుసైతము ఏడ్చినవని లక్ష్మణుడు చెప్పును. దానిని కరుణమునకు పరాకాష్ఠగా పండితులు తలచుచుందురు కాని దోషముగా నెన్నరు. ఐనను రెండింటికిని భేదము కలదు. భవభూతి రాళ్లు ఎదుటనున్న దుఃఖితుని చూచి కరగినవి. టోల్కీన్ రాళ్లు తమ్ము చేసిన లేనివారికొఱకు విలపించినవి. అచ్చట శోకము మనుష్యునినుండి రాతికి ప్రాకినది. ఇచ్చట రాతినుండి మనుష్యునకు వచ్చుచున్నది.

సామ్యము ఇంతటితో ముగియలేదు. ఉత్తరరామచరితము ద్వితీయాంకమున రాముడు పండ్రెండేండ్లకు దండకకు మఱలివచ్చి, పూర్వము ప్రవాహమున్నచోట ఇసుకతిన్నెయు, చెట్లు దట్టముగా నున్నచోట పలుచదనమును కని, పర్వతముల నెలవునుబట్టి మాత్రమే ఇది ఆ వనమని నిశ్చయించుకొనును. హాలిన్‌లో గాండాల్ఫునకును ఇదియే యనుభవము. జనవరి 13వ తేదిని అతడు మోరియా దారి వెదకునప్పుడు, తానే దారి తప్పెనో, దేశమే మాఱెనో తెలియక తడబడును. ఒకప్పుడు ఘోషించుచు పాఱిన సిరన్నాన్ ఇప్పుడు రాళ్లనడుమ సన్నని ధారయైనది. ద్వారమునెదుట లోయయుండవలసినచోట కదలని నల్లనిసరస్సు నిండియున్నది. ఒకరికొకరు ఋణపడుటకు వీలులేని ఇద్దరు కవులు, దేశము మాఱుటను చెప్పవలసివచ్చినప్పుడు, నీటినే సాక్షిగా తీసికొనుట విశేషము. స్వభాషయందు టోల్కీనునకు దగ్గఱ పూర్వులు లేకపోలేదు. పదియవ శతాబ్దపు ఎక్సెటర్ గ్రంథమున ‘ది రూయిన్’ అని పేర్కొనబడు ప్రాచీనాంగ్లకావ్యఖండము పాడుపడిన రాతినగరమును గూర్చిన శోకకవితయే. ఆ పత్రములే కొంత కాలిపోయి కావ్యమును శిథిలమై మిగిలినది. ఆ భాషకు ఆచార్యుడైనవాని కల్పనలో రాళ్లు మాటలాడుట ఆశ్చర్యము కాదు.

దండకతో పోల్చునప్పుడు చరిత్రభాగమునందలి భేదమును గుర్తింపవలెను. ఉత్తరకాండమున అగస్త్యుడు రామునకు చెప్పిన కథలో, ఇక్ష్వాకుపుత్రుడైన దండుడు శుక్రుని కూతురగు అరజను బలాత్కరించుటచే, శుక్రశాపమున ఏడురాత్రులు ధూళివర్షము కురిసి నూఱుయోజనముల రాజ్యము నశించినది. అచ్చట శూన్యతకు కారణము శాపము. రాజుదోషము భూమికి సంక్రమించినది. తరువాత తాపసులు నివసించుటచే అందలి యొకభాగము జనస్థానమైనది. హాలిన్ భూమికి శాపము లేదు. గాండాల్ఫ్ దాని గాలిని ఆరోగ్యకరమైనదనియే చెప్పును. దోషము జ్ఞానతృష్ణ, దండన పరదండయాత్ర, భూమి నిరపరాధిని. అయినను దండకకు జనులు మఱల వచ్చిరి, హాలిన్‌కు రాలేదు. అపవిత్రమైన భూమికి పునర్వాసము, నిష్కళంకమైన భూమికి శాశ్వతశూన్యత! దండకకథ ధర్మమును బోధించును. హాలిన్ కథ బోధింపక శోకింపజేయును.

మోరియా ద్వారఘట్టము హాలిన్ చరిత్రమునకు చివఱిపుట. ఎల్ఫుల బాట ఆ ద్వారముకడ ముగియును. తమ రాజ్యపుటెల్లకు గుర్తుగా వారు నాటిన హాలీచెట్లు రెండు ద్వారమున కిరువైపుల నిలిచియున్నవి. నార్వీ యను మరుగుజ్జు చేసిన తలుపులపై కెలెబ్రింబోర్ చిత్రించిన రేఖలు నక్షత్రకాంతియందును వెన్నెలయందును మాత్రమే కనబడును. తలుపు తెఱచుటకు పలుకవలసిన మాట ‘మిత్రుడు’. ఈ మాట రాతిపైననే యుండగా, అంతటి విద్వాంసుడైన గాండాల్ఫ్ దానిని రహస్యమంత్రమని భ్రమించి చాలసేపు వెదకును. అనుమానముతో నిండిన కాలమువాడు నమ్మకముతో నిండిన కాలపు శాసనమును చదువలేకపోయెనని దీని తాత్పర్యము. శాసనపరిష్కర్తలకు ఇది చక్కని హెచ్చరిక. లోనికి ప్రవేశించిన వెంటనే సరస్సులోని జలసత్త్వము ఆ చెట్లను పెకలించి ద్వారమునకు అడ్డుగా పడవైచును. దేశమునకు పేరిచ్చిన వృక్షమే ఎల్లవద్ద కూలుట ఎరెగియన్ వినాశమున ఆఖరి యంశము. 1697లో మొదలైన నాశము పాఠకుని కన్నులయెదుట ముగిసినది. ఆ చెట్లకై గాండాల్ఫ్ చింతించుట క్లుప్తముగా నున్నను మిక్కిలి ఉచితము.

దోషములును లేకపోలేదు. ఓస్ట్-ఇన్-ఎధిల్ పేరు ప్రధానకావ్యమున లేదు. కెలెబ్రింబోర్ మరణమునందలి ఘోరము, అతని దేహమును శత్రువులు ధ్వజముగా మోయుట, 1980 నాటి ప్రచురణమువలననే తెలియును. గలాద్రియెల్ ఎరెగియన్‌లో నివసించెనను కథయు ఆ ప్రచురణమున పరస్పరవిరుద్ధములైన పాఠములలో నొకటి. చరిత్రమును ఇట్లు కావ్యమునకు వెలుపల చెదరనిచ్చుటచే, కావ్యమును మాత్రమే చదివినవాడు హాలిన్‌ను సగమే చూచును. మఱియు, ద్వారఘట్టము పిమ్మట ఆఱవ కాండమువరకు ఈ సీమ మాటయే రాకపోవుటచే సూత్రము కొంత తెగినట్లుండును.

ఆ తెగిన సూత్రము ఆఱవ కాండమున తిరిగి కలియు తీరు మాత్రము ప్రశంసనీయము. యుద్ధము ముగిసి, ఏకైకాంగుళీయకము నశించిన పిమ్మట, సెప్టెంబరునెలలో గలాద్రియెల్, కెలెబోర్న్, ఎల్రాండ్, గాండాల్ఫ్ ఎరెగియన్‌కు వచ్చి, మూడు శిఖరములు కనబడుచోట ఏడుదినములు నిలుతురు. రాత్రులందు నక్షత్రములక్రింద కూర్చుండి, మాటలు లేకయే మనస్సుతో మనస్సు సంభాషింతురు. ఎవడైన బాటసారి చూచినచో, నిర్జనభూములలో మఱువబడిన రాతిబొమ్మలని తలచునంతగా వారు నిశ్చలులై యుందురని కవి వర్ణించును. విడిపోవుటకు మనసొప్పక వారచ్చట నిలిచిరని కవి చెప్పును. కాని కెలెబ్రింబోర్ చేసిన మూడు ఉంగరములు ఆ సమయమున గలాద్రియెల్, ఎల్రాండ్, గాండాల్ఫ్ వద్ద నున్నవి. అందు ఎల్రాండ్, గాండాల్ఫ్ ధరించిన సంగతి కావ్యాంతమున గాని బయటపడదు. అనగా, తమ్ము చేసిన దేశమునకు ఆ మూడు ఉంగరములును శక్తియుడిగిన పిమ్మట ఒక్కసారి వచ్చి, ఏడురాత్రులు నిలిచి, విడిపోయినవి. కావ్యమును రెండవమారు చదివినవానికి గాని ఈ యర్థము దొరకదు.

మొదటిరాకలో హాలిన్ రాళ్లు మనుష్యులవలె విలపించినవి. రెండవరాకలో మహానుభావులు రాళ్లవలె మౌనము వహించిరి. ఈ రెంటినడుమ దేశమున ఒక యిల్లును లేవలేదు, ఒక పొలమును దున్నబడలేదు. అయినను పాఠకునికి అది శూన్యభూమిగా తోపదు. ఆలంబనవిభావమనగా వ్యక్తియే కావలెనను నియమము సామాన్యముగా సత్యమే; కాని ఒక దేశముయొక్క భూగోళమును చరిత్రమును ఇంత నిష్ఠతో కల్పించి, జనులను తొలగించి, స్మృతిని మాత్రము మిగిల్చిన కవిచేతిలో ఆ నియమమునకు అపవాదము ఏర్పడినది. లక్షణగ్రంథములను బోధించువారు ఆలంబనోద్దీపనవిభాగమును వివరించునపుడు, భవభూతి జనస్థానము ప్రక్కన ఈ హాలిన్ సీమనును ఉదాహరణముగా నిలిపినచో, శిష్యులకు సిద్ధాంతమును తెలియును, దాని యెల్లయు తెలియును.